మూడు తుమ్ములు

బ్రాడీపేట నాలుగో లైన్లో
బాజీ అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి పావలా. అట్ట చిరిగితే అర్ధరూపాయి.
"ఇది ఇంకా చదవలేదా?" అన్నాడు బాజీ
నా మొహంలోకి కొంచెం అసూయగా చూసి.
"అదృష్టవంతురాలివి.
హంతకుడెవరో నాకు తెలిసిపోయి పదహారేళ్లయింది."

టెన్త్ పరీక్షలు ఇంకా పన్నెండు రోజులు.
సాంఘికశాస్త్రం కడుపులో దాన్ని దాచుకుని
డాబా మెట్ల మీద కూర్చున్నాను.
ఎక్కడో మంచు కురిసే ఊరు.
లోపల గడియ పెట్టిన గది.
పియానో మీద తల వాల్చి చచ్చిపోయిన ముసలాయన.
మంచంటే ఐసుబండి డబ్బాలో చెయ్యి పెట్టి చూసిందే నాకు.
పియానో అంటే హార్మోనియానికి పెద్దన్న అనుకున్నాను.
అయినా ఆ గదిలోకి వెళ్లిపోయాను,
నా వెనకాల గడియ ఎప్పుడు పడిందో తెలీకుండానే.

నాకు ముందు చదివినవాళ్లెవరో
నలభయ్యో పేజీలో పెన్సిలుతో "వంటమనిషే" అని రాశారు.
ఎనభయ్యో పేజీలో అది కొట్టేసి "కాదు, డాక్టరు".
నూటపదిలో ఒట్టి ప్రశ్నార్థకం.
ఆ తర్వాత పెన్సిలు ముట్టుకోలేదు పాపం,
ఊపిరి కూడా తీసుకుని ఉండరు.

డిటెక్టివుకి నత్తి.
మాట తడబడేది గానీ చూపు తడబడేది కాదు.
"ఉన్నవన్నీ అందరూ చూస్తారు" అంటాడొకచోట.
"ఉండాల్సింది లేకపోతే, దాన్ని చూసేవాడు కావాలి."
అక్కడ వేలు పెట్టి పుస్తకం మూసి
ఇంట్లోకి చూశాను.

అంతే, ఇల్లు మారిపోయింది.
చెల్లి చిటికెన వేలికి సిరా:
నా లెక్కల నోటులో కాగితం చింపిందెవరో తేలింది.
పక్కింటి నాంచారమ్మగారి చెప్పులకి తడి మట్టి:
తెల్లారగట్ల మా కుళాయి ఎవరు తిప్పుతున్నారో తేలింది.
పొద్దుగూకేలోపు రెండు కేసులు.
మూడోది నేను వెతకలేదు.

నాన్న మిర్చియార్డులో కాటా గుమాస్తా.
ఇంట్లోకి ఆయనకంటే ముందు ఆయన చొక్కా వస్తుంది,
ఘాటుగా.
పొద్దున్నే అమ్మ దాన్ని తడిపేముందు ఒక్కసారి విదిలిస్తుంది.
వరసగా మూడు తుమ్ములు.
నాలుగోది వస్తుందా రాదా అని మేం పందేలు కాసేవాళ్లం.

మార్చి నెల.
టిక్కీలు యార్డులో పట్టక రోడ్డు మీదికొచ్చే నెల.
నాన్న అప్పటికే వెళ్లిపోయాడు.
అమ్మ చొక్కా విదిలించింది.
తుమ్మలేదు.
దాన్ని చేతుల్లో పట్టుకుని కాసేపలాగే నిలబడింది.

మెడపట్టీ తెల్లగా ఉంది.
జేబులో కాటా చీటీల్లేవు,
వేరుశనగ తొక్క, ఒక గడ్డిపరక.
గాంధీపార్కులో గడ్డి ఉంటుంది.
తొమ్మిదింటికి వెళ్లడం, ఏడింటికి రావడం,
"ఇవాళ తేజా రేటు పడిపోయింది" అనడం,
క్యారేజీ ఖాళీ చేసి తేవడం,
అన్నీ ఎప్పటిలాగే.

పుస్తకంలో చివరికి డిటెక్టివు
అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.
నత్తి మాయమైంది.
ఒక్కొక్కళ్ల అబద్ధాన్నీ ఉల్లిపాయలా ఒలిచాడు.
హంతకుడెవరో చెప్పను, బాజీకి మాటిచ్చాను.

మాకు హాలు లేదు. ఉన్నది ఒక్క గది.
రాత్రి అందరం అక్కడే అన్నానికి కూర్చున్నాం.
ఆధారాలన్నీ నా దగ్గరున్నాయి.
నాన్న గోళ్ల కింద ఎరుపు లేదని కూడా చూశాను.
చారు కలుపుకున్నాను.

మర్నాడు నాన్న కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు.
అద్దంలో ఆయన కళ్లు అమ్మ మీదే ఉన్నాయి.
అమ్మ చొక్కా విదిలించింది,
ఏ వాసనా లేని చొక్కా.
తుమ్మింది.
ఒకటి.
రెండు.
మూడు.
"పాడు మిరపఘాటు, చంపేస్తోంది" అంది
కొంగుతో ముక్కు తుడుచుకుని, కొంచెం గట్టిగా.
ఆగిన కత్తి
నాన్న చెంప మీద మళ్లీ కదిలింది.

మూడు రోజుల అద్దె, ముప్పావలా.
"కనిపెట్టావా?" అన్నాడు బాజీ.
"నాకంటే ముందే ఒకళ్లు కనిపెట్టేశారు" అన్నాను.
అతను వెంటనే నలభయ్యో పేజీ తీసి
రబ్బరు కోసం సొరుగంతా వెతకడం మొదలుపెట్టాడు.