కుడి మోకాలు

ఎనుమాముల యార్డుల
ఇరవై రెండేండ్లు కాంటా పట్టిన.
శివరాత్రి దాటినంక ఎర్రగ పరుచుకున్న మిర్చి,
తుమ్ములు, దగ్గులు, హమాలీల కేకలు.
ఆ లొల్లిల నా కుడి మోకాలు చేసే పని
ఎవ్వలకూ కానరాకపోయేది.

బస్తా కాంటా మీద కూసోంగనే
అంచు కింద మోకాలు ఆనించి
ఒక్క ఊపిరంత సేపు పైకి లేపుడు.
దండె వాలేది. బిళ్ల ఎనుకకు జరిగేది.
రెండు కిలోలు
రైతు చిట్టీల నుంచి జారి
సేటు కుప్పల పడేవి.
నాకు బస్తాకు ఆరు రూపాలు.
ఆరు రూపాలకు చప్పుడుండదు.

ఆదివారం అదే మోకాలు
హన్మకొండ చర్చిల చాప మీద వంచేది.
ఇస్త్రీ అంగీ, తలకు కొబ్బరినూనె.
అయ్యగారు పాపం అన్నప్పుడల్లా
నాకు కల్లు కాంపౌండు యాదికొచ్చేది,
మా వాడకట్టు యోనా తాగి పడ్డది యాదికొచ్చేది.
మోకాలు మాత్రం ఎన్నడు యాదికి రాలే.
అది మొక్కుతనే ఉండె గద!

మా దీనమ్మ కోల్డ్ స్టోరేజీల తొడిమలు తీస్తది.
రాత్రి వేళ్లు మండుతుంటే
బకీట్ల చేతులు ముంచినోన్ని నేను,
ఆమెవే చేతులు, దయగల్లోని లెక్క.
"నీళ్లకు పోదయ్యా," అన్నది.
"నీళ్లు మంటను చేయంత తిప్పుతయి.
లోపలికి దిగినదాన్ని
లోపలికి దిగేదే గుంజుకొస్తది."
గంతే. నూనె గిన్నె అందుకున్నది.

తెల్లారి
పర్వతగిరి దిక్కు నుంచి జన్ను కట్టయ్య వచ్చిండు.
పదకొండు బస్తాలు. నల్లి తినంగ మిగిలినయి.
అందరు దండె దిక్కు చూస్తరు.
ఆయన నా మోకాలు దిక్కు చూసిండు.
ఏమనలే. చిట్టీ మడిచి రుమాల్ల కట్టుకున్నడు.
ఆ చూపుల కోపం లేదు,
ఉంటే తప్పించుకునేటోన్ని.

మాపటికి యార్డు ఖాళీ అయినంక
గోనెసంచుల మీద కూలబడ్డ.
కడుగు ప్రభువా అనలే;
కడిగిన అంగీ సోమవారానికి ఎట్ల ఎర్రబడుతదో
నాకెరుకే.
మోకాలును ఏం చెయ్యకు,
దాన్ని లేపేటోడు లోపలున్నడు,
వాన్ని పట్టుకో అన్న.
గొంతు పూడుకపోయింది. మిర్చి ఘాటు కాదది.

పైసలు జమచేసుకొని బస్సెక్కిన.
కట్టయ్య చేను కాడ ఉన్నడు.
గడపల ఆయన పెండ్లాం మొగిలమ్మ.
చెప్పిన. మోకాలు సుద్ద చూపించిన.
"ఎరుకే బిడ్డా," అన్నది,
"ఇంటికాడ్నే నీ పేర బస్తాకు రెండు కిలోలు
తీసేసి లెక్క కట్టుకునేది."
నీ పేర అన్నది.
ఏండ్లకేండ్లు ఆ ఇంట్ల
నా పాలు నాకు రాసిపెట్టిన్రు.

పైసలు రెండుసార్లు లెక్కపెట్టి తీసుకున్నది.
వద్దనలే.
వద్దంటే నేను గొప్పోన్ని అయిపోదు.
చెంబుతో నీళ్లిచ్చి,
"పాపం, ఎండల పడి వచ్చినవ్," అన్నది.
చిన్నప్పటి సంది ఇన్న మాటే.
ఆ గడపల ఇంకోతీరుగ ఇనపడ్డది.
నీళ్లు తాగరాలే కొద్దిసేపు.

కట్టయ్య ఒక్కడే. మిగిలిన ఊర్లున్నయి,
పేర్లు యాదిలేని చిట్టీలున్నయి.
సేటు కాంటా గుంజుకొని బస్తాలు మొయ్యమన్నడు.
మోస్తున్న.
రెండు కిలోల బరువు ఎంతుంటదో
వీపుకు ఇప్పుడు తెలుస్తున్నది.

మారినవా అని యోనా అడిగిండు మొన్న.
ఏం చెప్పాలె?
ఇంకొకని కాంటా మీద బస్తా కూసుంటే
దూరంగ నిలబడ్డ నా మోకాలు
ఇప్పటికీ ఎంట్రుకవాసి లేస్తది.
దించుతున్న. మళ్ల లేస్తది. మళ్ల దించుతున్న.
దించేటోడు నేనొక్కన్నే కాదని
దించినప్పుడల్లా ఎరుకైతది.

రాత్రి దీనమ్మ ఆ మోకాలుకే నూనె రాస్తది.
ఎందుకు నొస్తున్నదని అడుగది.
చెయ్యి తీసుకోబోతే,
ఉండు, ఇంకా దిగలే అంటది.