కూసునేటందుకు

ఎక్స్‌రేను కిటికీకి ఆనిచ్చి చూపిచ్చింది డాక్టరమ్మ:
ఎడమ తుంటి గిన్నెల బంతి లేదు.
మెల్లమెల్లగ, ఏండ్ల సంది,
మేం చూస్తుండంగనే
పైకి పాకి బయట కూసున్నది.

నాకు మా గుంటమగ్గం యాదికొచ్చింది.
నారాయణపేటల, మా ఇంట్ల,
గుంటల కాళ్లు జారేసి ఆయన తొక్కుతుంటే
పావుకోళ్లు ఒకటి కిందికి, ఒకటి మీదికి.
బాగీ కాళ్లు మాత్రం
పుట్టినప్పటి సంది బిగవట్టిన పడుగు,
ఒకదాని మీదొకటి, కత్తెర.

పదమూడేండ్లు. ఆధార్ కార్డుల భాగ్యవంతి.
మాటలు రావు. నొప్పికొక కూత, ఆకలికింకోటి.
పక్కింటోళ్లకు రెండూ ఒక్కటే.
కిందటేడు పెద్దమనిషైనంక
బట్ట మార్చాలంటే మోకాళ్ల నడుమ
నా చెయ్యి దూరకపోయేది.
దూరిస్తే ఆ మొదటి కూత.
గోడ దిక్కు మొకం తిప్పుకుని
మళ్ల దూరిచ్చేదాన్ని.

"ఆపరేషనైతే నడుస్తదా?"
రేషన్ షాపుల అడిగిన్రు, బస్సుల అడిగిన్రు,
పాలమూరు పెద్దాసుపత్రిల పక్క మంచపామె
చాయ్ పోసుకుంట అడిగింది.
ఆయన గూడ అడిగిండు. ఒక్కపారే.
డాక్టరమ్మ అబద్ధమాడలే:
"నడవది. కూసుంటది. నొప్పి లేకుంట పంటది."
ఆయన బయటికి వోయి
బీడీ ముట్టియ్యకుండనే తిరిగొచ్చి సంతకం పెట్టిండు.

గజ్జల బిర్రు సడలిచ్చిన్రు.
తొడబొక్క కోసి, తిప్పి, రేకు వెట్టి మరలు బిగిచ్చిన్రు.
గిన్నెను లోతు చేసిన్రు.
ఆరువారాల కట్టు, రొమ్ము కింది నుంచి పాదాల దాక,
రెండు కాళ్ల నడుమ అడ్డంగ ఒక కట్టె.
బస్సెక్కదు, ఆటోల పట్టదు.
టాటా ఏస్‌ల బొంతలేసి పండవెడితే
మరికల్ దాటినంక ప్రతి గతుక్కూ
కట్టెను నేను పట్టుకున్న, బాగీ నా కొంగు పట్టుకున్నది.

మగ్గం మీద చీర సగం అంచుతోని ఆగింది.
సేటు రెండుసార్లు ఫోన్ చేసిండు, మూడోసారి చెయ్యలే.
కట్టు లోపల దురద. చీమలు.
పిండిమిల్లు తీరు ఒంటినిండ తెల్లపొడి.

కట్టు కోసి పన్నెండు రోజులు.
కుర్చీల కూసునుడు ఇంకా పావుగంటే,
బెల్టు వేస్తే, నేను ఎదురుగుంటే.
బీమా కాయితాలింకా తెగలే.
కుడి తుంటి సుత ఏడాదికోపారి చూడాలన్నరు.

ఇయ్యాల పొద్దుగాల బట్ట మార్చిన.
చెయ్యి దూరింది.
ఆ కూత కోసం ఆగిన.
రాలే.
బాగీ నా దిక్కు చూసి
ఇంకేదో కూసింది, చిన్నగ,
మునుపెన్నడు ఇననిది.
దానికి అర్థమేందో
నాకింకా తెల్వది.