ఆ తర్వాతి పేజీ

పలక మీద బలపం అరిగేదాకా దిద్దినోణ్ణి.
పెన్ను పట్టినా అంతే, నొక్కి రాస్తా.
"కాగితం చినుగుతాదప్పా పెన్నోబులేసూ" అని
సెక్రెటరీ సారు శానాసార్లు నవ్వినాడు.

అనంతపురం దాటి బెంగుళూరు రోడ్డులో మా గేటు.
నా టేబుల్ మీద రెండు పుస్తకాలు.
ఒకటి బయటోళ్ళది: పేరు, ఊరు, వచ్చిన పని.
పాలోడు, పాచిపనమ్మ, కొరియర్ పిల్లోడు,
ఇస్త్రీ కుళ్ళాయప్ప, అందరూ వంగి రాయల్ల.
లోపలోళ్ళకు పుస్తకం లేదు.
హారన్ కొడితే గేటు లేస్తాది, అంతే.
రెండోది తాళాలది. దాన్నెవురూ పట్టించుకోరు.
దాని గురించే చెప్తా.

ఇరవై రెండో విల్లాకు పశువుల డాక్టరమ్మ వచ్చె, మేరీ సుగుణ.
వచ్చిన దినమే పొరపాటున బయటోళ్ళ పుస్తకం ముందు పెడితి.
"నేనిక్కడే ఉంటాన్నా" అనె.
అని, నవ్వి, సంతకం పెట్టె.

మొదటి వారం ఆ ఇంటికి పాయసం గిన్నెలు పోయినాయి.
రెండో వారం ఎవురో ఇంటిపేరు అడిగిరి.
ఆ గిన్నెలు తిరిగి ఇయ్యమని ఇంతవరకూ ఎవురూ అడగలేదు.

ఆమె పూల్‌లో దిగిన ప్రతిసారీ మర్నాడు
"నీళ్ళు మారుస్తున్నాం" అని బోర్డు.
తాగేదానికి ట్యాంకర్ కొనుక్కునే చోట
మూడుసార్లు ఆ నీళ్ళు మోరీలో పోసిరి.
ఆమె నాలుగోసారి దిగింది.

శనివారం తెల్లారేసరికి నీళ్ళ మీద తేల్తాండాది.

"ఈత రాదు పాపం, కాలు జారింది."
ప్రెసిడెంటు సారు చెప్పె. పోలీసాయన రాసుకునె.

నా మేకకు సూది ఏస్తా ఒకసారి నాతో చెప్పింది:
తాడిపత్రి పక్క వాళ్ళ ఊరు.
ఊరి బావిలో కాలు పెట్టనియ్యకపోతే
బండల క్వారీ గుంతలో నేర్చిందంట ఈత.
నలభై అడుగుల లోతు, పచ్చటి నీళ్ళు, పాములు.
పైన నాయన బండలు కొడతాంటే కింద చేపమాదిరి ఈ పిల్ల.
పూల్ చుట్టూ పరిచిన నల్లబండలు చూపించి
"ఇవి మావేన్నా" అనింది.

నాలుగడుగుల నీళ్ళు ముంచినాయంట ఆమెను.

ఆ రాత్రి ఒంటిగంటా ఇరవైకి
పూల్ తాళం ఎవురు తీసకపోయిరో రాసింది నేనే.
మూడింటికి తిరిగిచ్చె. మోకాళ్ళదాకా తడి ప్యాంటు.
పొద్దున్నే సెక్రెటరీ సారు తాళాల పుస్తకం తెరిచె.
పేజీ ఆయన చించలా. నన్ను చించమనె.
చించితి.
ఇదీ రాయల్ల కదా: చించింది నేనే.
జీతం పదకొండు వేలు. పాప నర్సింగు రెండో సంవత్సరం.

ఆదివారం ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకోని
కుళ్ళాయప్ప బండి కాడ ఊరికే కూచున్నా.
వాడు ఇస్త్రీపెట్టె దులిపితే బొగ్గుపొడి
ఖాళీ పేజీ మీద పడె. తుడుస్తామని చెయ్యి రాస్తి.
నలుపులోంచి తెల్లగా లేచినాయి అక్షరాలు.
నావే. వంకర టింకర, నొక్కి నొక్కి.
టైము. పూల్ తాళం. ఆయన పేరు.
ఆయన పెట్టిన సంతకం మటుకు రాలా.
లోపలోళ్ళు పెన్ను తేలిగ్గా పట్టుకుంటారు.

కుళ్ళాయప్పకు చదువు రాదు.
"ఎవుర్దబ్బా ఆ పేరు?" అనె.
"చదువు రానోడివి, బతికిపోయినావు పో" అంటి.

మూడు దినాలు పుస్తకం బియ్యం డబ్బాలో ఉండె.
మూడు దినాలూ అన్నం బొగ్గు వాసన.
పాప కంచం తోసేసి "ఏంది నాయనా ఇది?" అనె.

ఈ పొద్దు ఫోన్ చేస్తి.
జీపు వచ్చి హారన్ కొట్టింది.
పేజీ కోసమొచ్చిరో, పేరు కోసమొచ్చిరో,
నా కోసమొచ్చిరో తెలీదు.
వెనక సీట్లో ఇంకెవురో ఉండారు, చీకట్లో మొగం కనపళ్ళా.
తెలిసిన సెంటు వాసన మటుకు వచ్చె.

గేటు లేపలేదు.
బయటోళ్ళ పుస్తకం కిటికీలోంచి లోపలికి పెడితి.
"పేరు రాయండి సార్. ఊరు. వచ్చిన పని.
రోంత నొక్కి రాయండి."