పదకొండో సీసా

బ్రిస్టల్‌లో రెడ్‌క్లిఫ్ కొండ కింద నేలమాళిగ.
మెట్లు పదిహేడు. లెక్క తప్పితే తల పగులుతుంది.
పన్నెండింటి పెట్టెలోంచి పదకొండోది తీశారు
డెంజిల్ ట్రెలోర్ గారు.
తొంభై ఆరు నాటి పోయాక్. రెండేళ్ళకొకటి,
నవంబరు రెండో మంగళవారం.

కార్కు సగంలో విరిగింది.
ముక్కని వేళ్ళతో నలిపి వాసన చూడబోయి
ఆగిపోయారు.
మూడేళ్ళ కింద ఒక జ్వరం, పోతూ పోతూ
ఆయన ముక్కుని వెంట తీసుకుపోయింది.
పులుపూ చేదూ వగరూ నాలికకి తెలుస్తాయి.
మిగతాదంతా సున్నం కొట్టిన గోడ అంటారు.

"నువ్వు చెప్పు."
గ్లాసు నా వైపు జరిగింది.
నేను ఇక్కడ సీసాలు లెక్కపెట్టే మనిషిని.
తేమ ఎంత, చలి ఎంత, బాకీ ఎవరిది.

పాత కార్డులు బల్ల మీద పరిచారు.
మొదటిది: పిడికిలి బిగించి ఉంది, ఆగాలి.
మూడోది: ఇంకా అలకే. ఇనుము.
ఆరోదాని వెనక పెన్సిలుతో:
*థెల్మా పోయిన వారం. ఈ రుచి నమ్మొద్దు.*
తొమ్మిదో కార్డు మీద ఒకటే మాట: ఇప్పుడు.
పదోదాని మీద తేదీ తప్ప ఏమీ లేదు.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచాను.
నడుమ దానిమ్మ, అంచుకొచ్చేసరికి పాత ఇటుక.
ముక్కు పెట్టాను. ఇంగ్లీషు రాలేదు.
బ్లాక్‌కరెంట్ నేను దొంగిలించి తిన్న పండు కాదు,
సెడార్ నేను ఎక్కి పడ్డ చెట్టు కాదు.
అరువు మాటలతో ఈయనకి అబద్ధం ఎలా చెప్పను?

"నేరేడు," అన్నాను. "పండు కాదు,
గింజ చప్పరించాక నోట్లో మిగిలేది.
చుట్టలు చుట్టేవాళ్ళ దగ్గర తడి గోనె కింద ఆకు.
పెన్సిలు చెక్కిన పొట్టు.
వాన వెలిశాక పుట్టమన్ను.
అడుగున ఎక్కడో, ఉండీ లేనట్టు,
ఇస్త్రీపెట్టెలో ఆరిన బొగ్గు."

"టానిన్?"

నాలిక అంగిలికి ఆనించి చూశాను.
"దానికి మాకు సొంత మాటుంది. వగరు.
కానీ ఇది పచ్చి జామ వగరు కాదు, వక్కదీ కాదు.
ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే
నీళ్ళు తియ్యగా అవుతాయి.
ఆ తీపికి ఒక్క క్షణం ముందు."

రాసుకున్నారు, వంకర ఇంగ్లీషు అక్షరాల్లో,
వ-గ-రు. ఉ-సి-రి.
ఎలా పలకాలో రెండుసార్లు అడిగారు.
తరవాత ఒక గుక్క తీసుకుని కళ్ళు మూశారు,
గోడకి చెవి ఆనించి
పక్కింటి పాట వినేవాడిలా.

"కొండ ఎక్కిందా, ఇంకా ఎక్కుతోందా?"

మా భాషలో దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని.
ఆయన అడిగింది శిఖరం,
నాకు వినిపించింది చీకటి.
గంట ఆగి చెబుతానన్నాను.

గంటకి నేరేడు పోయింది, చుట్ట పోయింది.
పుట్టమన్ను ఒక్కటే మిగిలింది.
నిజం చెప్పాలంటే నాకు అప్పుడే నచ్చింది.
అదే చెప్పాను. కార్డు మీద అది రాయలేదాయన.
కార్కు పొడి వడగట్టి, మిగిలింది నా ఫ్లాస్కులో పోశారు.

"పన్నెండోది ఎప్పుడు?" అడిగాను.
డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి
రెండేళ్ళు ఆగే లెక్క వేసుకుంటాడనుకున్నాను.

"ఆ ఉసిరి ఇక్కడ దొరుకుతుందా?"

ఈస్టన్‌లో ఒక కొట్టుంది. ఫ్రీజరు అడుగున,
బెండకాయల కింద, రాళ్ళలా ఉంటాయి.
కరగడానికి ఒక పూట పడుతుందని చెప్పాను.
"పూటేగా," అన్నారు,
మెట్లు లెక్కపెట్టుకుంటూ.