బొమ్మలోడు కట్టె పట్టిన రాత్రి

హన్మకొండ చౌరస్తా ఎనుక సందుల
మెట్ల కింద నా దుకానం.
మంచం పట్టేంత జాగ, అండ్ల
పదిహేడేండ్ల పాత బోర్డులు.

ఇయ్యాల టేబుల్ మీద
మయూరి స్టుడియో వాళ్ల మిక్సింగ్ సిస్టం.
కాజీపేట పెండ్లి, మూడు గంటల వీడియో,
బరాత్ కాడికొచ్చి ఆగిపోతాంది.
గుర్రం లేపిన కాలు లేపినట్టే ఉంది,
పెండ్లిపిల్లగాని మూతి మీద నవ్వు సగమే.

ఎండిన పేస్టు గోకుతుంటే ఫోనొచ్చింది.
సికింద్రాబాద్ హోల్‌సేల్ యాకూబ్.
"ఓదెలన్నా, ఇన్నవా?
బొమ్మల చిప్పులు చేసే కంపెనోడు
ఇగ ప్రాసెసర్ గూడ చేస్తడట.
నీ కాడున్న పాత స్టాకు జల్ది తీసెయ్."

తీసేసుడు అంత అల్కనా.
డ్రాయర్ల పదకొండు ఉన్నయి,
ఒక్కోటి నా బిడ్డ హాస్టల్ ఫీజుల ఒక నెల.

ఇన్నేండ్లు లెక్క ఇట్లుండె:
ప్రాసెసర్ పెద్దమనిషి,
ఒక్కదానెనుక ఒక్కటి ఆలోచిస్తడు.
బొమ్మల చిప్పు వెయ్యి చేతులోడు,
చెప్పిన రంగు చెప్పిన కాడ పూస్తడు,
ఎందుకని అడగడు.
ఉడికేది వాడు,
డబ్బా మీద పేరు వీనిది.

మా అమ్మ తండ్రి చేర్యాల నకాశీ.
గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను,
ఎనుకంత ఎర్ర రంగు.
ముప్పై మూరల పటం ఆర్నెల్లు గీసి
కతలోని చేతుల పెట్టి ఇంటికొచ్చెటోడు.
పటం అంచుకు ఆయన పేరుండది.
ఊరూరు తిరిగి, కట్టె పెట్టి చూపి
గింజలు కొలిపిచ్చుకునేది కతలోడు.

ఒక్కసారి కొత్తవాడల
మగ్గాలాపి జనం కూసున్న రాత్రి
కూనపులి సాంబయ్యకు చలిజరం.
బాకీ పైసలకని పోయిన తాత
పటం పక్కన నిలబడ్డడు.
"గీసినోన్ని నేనే, చెప్పలేనా?" అన్నడట,
కట్టె అందుకున్నడట.

మొదలైతే పెట్టిండు గని
ఆయనకు పటమంత ఒక్కపారే కండ్ల ముందట.
రాజు పుట్టకముందే ఏనుగు సంగతి,
ఏనుగు నడవకముందే
దాని గంటల పసుపు ఏ రాయి నూరితే వచ్చిందో
ఆ సంగతి.
యుద్ధం, సీమంతం, కాకులు, పూలకొమ్మ
అన్నీ ఒక్క గుక్కల.
జనం పకపక నవ్విండ్రు.
గొంగట్లకెల్లి సాంబయ్య మూలిగిండు:
"ఆగు.
ఈడ తల్లి ఏడుస్తది, ఏడ్వనియ్యి.
కొడుకు చచ్చేది తర్వాత. ఇప్పుడే చంపకు."

అమ్మ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా
ఇక్కడనే ఆపి పెంక మీద రొట్టె తిప్పేది.
తాత తెల్లారిందాక చెప్పిండో,
సిగ్గుపడి కట్టె కింద పెట్టిండో
నేనడగలే.
ఆ యేడు మక్కలు రెండు కుంచాలు
ఎక్కువొచ్చినయని మాత్రం
ఆమెకు మంచిగ యాదికుండె.

యాకూబ్ ఇంక చెప్తనే ఉన్నడు.
కొత్తదానికి సాకెట్ ఉండదట,
బుద్ధి, బొమ్మ, జ్ఞాపకం
అన్నీ ఒక్క పలకకే అతికిచ్చి వస్తయట,
ఇప్పెతందుకు స్క్రూ గూడ దొరకదట.
ఆ వెయ్యి చేతులోనికి
ఆగుడు ఎవ్వలు నేర్పిండ్రని అడిగిన.
"ఏందన్నా?" అన్నడు.
ఏం లేదన్న.

వంగిన పిన్ను గుండుసూదితోని లేపిన.
వడ్లగింజంత పేస్టు నడుమ పెట్టి
పాత పెద్దమనిషిని సాకెట్ల కూసోబెట్టిన.
కరెంటిచ్చిన.

గుర్రం కాలు కింద పెట్టింది.
పిల్లగాని నవ్వు పండ్లదాక వచ్చింది.
రెండు ఫ్యాన్ల కాడ చెయ్యి పెట్టి చూస్తే
బొమ్మల చిప్పు దిక్కే సెగ.

బిల్లు బుక్కుల మాత్రం
ప్రాసెసర్ రిపేరు, నాల్గు వందలు
అని రాసిన.
అలవాటు.