మడిమె మీద సూది

రాత్రి రెండు దాటినంక
వరంగల్ కోట దిక్కు నుంచి వచ్చి
పసికూనల వార్డు వెనుక నీళ్ల ట్యాంకు మీద
గూబ వాలుతది.
నిలువున కోసిన ఆపిల్ పండు తీరు మొఖం.
కూయదు. ఒకటే బుస,
ఎవలో గట్టిగ ఊపిరి గుంజినట్టు.

వరండాల కొంరమ్మ లేచి కూసుంటది.
ఏటూరునాగారం అవతలి నుంచి
రెండు బస్సులు, ఒక ఆటో మారి వచ్చింది.
"పిట్ట తాకింది బిడ్డా, నా మనుమరాలికి.
పొద్దుగూకినా పొత్తిగుడ్డలు తియ్యలే మా కోడలు.
దాని నీడ పడ్డది. గందుకే పచ్చగయింది పిల్ల."
పసిరికలమ్మా అంటె
ఇంటది గని నమ్మది.

హసన్‌పర్తి పిలగాడు, కొత్త డాక్టరు,
నిద్ర ఆపుకోనీకి కతలు చెప్తడు.
రోమన్ల కాలంల గిసొంటి పిట్టలుండేటియట.
పెద్ద తలకాయ, గాలం లెక్క గోర్లు.
దాదులు ఆదమరిచిన యాళ్ల తొట్టెలల్ల దూరి
పాలు తాగే పిల్లల నెత్తురు తాగుతుండెనట.
ముసలోళ్లే మంత్రమేసుకొని పిట్టలైతరని కొందరు,
కాదు, పుట్టుకే గంతని కొందరు.
దేవత ఒకామె వచ్చి
దర్వాజకు కొమ్మ తాకిచ్చి, నీళ్లు చల్లి,
పందిపిల్ల పేగులు బయట పెట్టి
ఇది తిని పో అన్నదట.

నవ్విన.
నవ్వుకుంటనే కొంరమ్మ కోడలి మంచం దిక్కు చూసిన.
కింద ఇనుప కొడవలి.
దిండు కాడ యాపమండ,
వాచ్‌మన్ పోశాలు గుంజేస్తే మళ్లొకటి.
రోముకు, ఏటూరునాగారానికి నడుమ
బస్సు ఎవలేసిండ్రో!

మూడింటికి రక్తం తియ్యాలె.
నీలం లైటు కింద పిల్ల, కండ్లకు గంతలు.
బొటనవేలంత మడిమె.
స్పిరిట్ దూది. సూది.
చుక్క సన్నగొట్టంలకు తనకుతానే ఎక్కుతది.
పిల్ల ముందుగాల నోరు తెరుస్తది,
ఏడుపు ఎనుక వస్తది.
ఆ నడిమి సప్పుడు లేనితనం
పదకొండేండ్ల నౌకరీల అలవాటు కాలే.
ఇయ్యాల ఏడు మడిమెలు. నిన్న తొమ్మిది.
తెల్ల బట్టలు, నిద్రలేని కండ్లు, రాత్రిపూట తిరుగుడు.
ఆ కతల పిట్ట
ఎవల తీరుంటదో అడగలే డాక్టరును.

బయట ఒక కీచు. అంతల్నే ఆగింది.
మోరీ మీదికెల్లి గూబ లేచింది,
కాళ్లల్ల పందికొక్కు పిల్ల.
పోయిన నెల తొట్టెల కాడిదాక వచ్చి
వైర్లు కొరికిన జాతే.
చూసినవా అవ్వా,
దాని ముక్కుకున్న నెత్తురు మన పిల్లలది కాదని
చెప్దామని వరండాలకు ఉరికిన.

కొంరమ్మ నా చేతిల గొట్టం చూసింది.
ఏమనలే.
యాపమండ తీసి
నెత్తి నుంచి కాళ్లదాక మూడుసార్లు నాకు దిగదీసింది.
"పోవే తల్లీ, గీ పిల్లను ఇడిసిపెట్టు."

నేను కదలలే.
కాజీపేట దిక్కు గూడ్సుబండి కూత.
గొట్టంల చుక్క గడ్డకడుతున్నది.
ల్యాబు రెండో అంతస్తు,
లిఫ్టు నడువది.