పదమూడు నిమిషాలు

సోహార్ పోర్టు వెనక, తవ్విన గోతి పక్కన
పొద్దుగాల ఏడు కాకముందే
నల్లపైపు చెయ్యి పెట్టనియ్యదు.
"ఇదివరకే కాలింది గద, మళ్ల కాల్చుడేంది?"
అంటడు కొత్తగ వచ్చిన పోరడు.

ఎండ వేడి వేరు, పలక వేడి వేరు.
ఎండ తోలు మీదనే తిరుగుతది.
అతకాల్నంటే రెండువందల ఇరవై కావాలె,
లోపలిదాక దిగాలె.
తక్కువైతే అతికినట్టే కనబడ్తది,
నీళ్లు వదిలిననాడు తెలుస్తది.
ఎక్కువైతే మాడి పెళుసైతది.

గాలి దుమారం లేస్తే
పలక మీది వేడి ఎత్కపోతది.
అందుకే ఈ గుడారం,
దీనికింద ఇద్దరం:
నేను, లింబాద్రి.

రంజాన్ నెల నుంచి మాటల్లేవు.
నలభై రియాళ్లు.
ఎనిమిది మంచాల రూములో
అందరు వింటుంటే "దొంగ" అన్న.
వాడు అన్నం పళ్లెం కింద పెట్టి
చెయ్యి కడుక్కున్నడు. అంతే.
జవాబు చెప్పి ఉంటే బాగుండు.

కానీ మిషనుకు నాలుగు చేతులు కావాలె.
అంచులు చెక్కినం,
నల్ల రిబ్బన్ల లెక్క పొట్టు లేచింది.
స్పిరిటు గుడ్డతో తుడిచినం.
నా గదమ మీది చెమటచుక్క
సరిగ్గ చెక్కిన మొఖం మీదనే పడ్డది.
వాడేమనలే.
మళ్ల చెక్కుడు పెట్టిండు.

పలక నడుమ పెట్టి రెండు కొసలు ఆనిచ్చినం.
అంచున సన్నగ పెదవి లేచింది.
ఒత్తిడి వదిలి, ఇగ నాననియ్యాలె.
తొంభై ఐదు సెకండ్లు.
టైమరు నిన్ననే ఖరాబైంది,
లింబాద్రి నోట్లనే లెక్క పెడ్తున్నడు
మనూరి బడిల చదివినట్టు, రాగం తీసి.
లెక్క పెట్టుడు మాట కిందికి రాదు
అనుకుంట ఇన్న.
తొంభై మూడు. తొంభై నాలుగు.

పలక గుంజిన. వాడు లీవరు తిప్పిండు.
ఆరు సెకండ్లు దాటొద్దు,
దాటితే కరిగింది పొర కడ్తది,
పొర కట్టినంక ఎంత నొక్కినా దండగ.
దాటలే.
రెండు పెదవులు ఒకటై, బయటికి చుట్టుకున్నయి.

ఇగ పదమూడు నిమిషాలు.
కదిలించొద్దు, నీళ్లు చల్లొద్దు,
తొందరపడి క్లాంపు విప్పొద్దు.
దానంతట అదే సల్లారాలె,
నొక్కిపెట్టిన కాడనే.

గుడారం నీడ ఒక్క మనిషికే సరిపోతది.
ఇద్దరం కూసున్నం.
మోకాలుకు మోకాలు తాకుతుంది.
దూరంగ క్రేను మెడ తిప్పుతుంది.
నాలుగో నిమిషం.
ఏడో నిమిషం.
సీసా మూత తీసి, తాగి,
నా దిక్కు చూడకుండనే జరిపిండు.

"నీళ్లు సుత కాగినయి," అన్నడు.
"కాగినా నీళ్లే గద," అన్న.

నలభై రియాళ్లు నలభై రియాళ్లే,
వాడియ్యలే, నేనడగలే.
ఆ మాట నేను వాపసు తీసుకోలే,
నాలుక కొసదాక మాత్రం వచ్చింది.
వాడు తెల్ల మార్కరు తీసి
పైపు మీద జాయింటు నంబరు రాసిండు, ముప్పై ఎనిమిది,
తారీఖు, టైము, తన వెల్డరు నంబరు.
జర ఆగి, పక్కన నాది.

వాచి చూసిన. పదమూడు అయింది.
క్లాంపు మీద చెయ్యేసిన.
"ఎండకాలం," అన్నడు లింబాద్రి,
"ఇంకో మూడు నిమిషాలు ఉండనీ."